పెంచే బటను

జూన్ 2

అక్కకూ, ఆపరేటరు బావకూ,

నేను క్షేమంగా ఇల్లు చేరాను. బస్సులో నా పక్క సీటాయన దారంతా నా భుజం మీదే నిద్రపోయాడు. దిగేముందు ఆయన చెప్పుల్లో ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు మార్చిపెట్టి దిగాను. తిట్టకు అక్కా. నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా నా చేతులు ఊరుకోవని నీకు తెలియంది కాదు.

ఫోను ఉండగా ఈ కాగితాల గోల ఏమిటని మా కొట్టు పక్క టైలరు ఇవాళ మళ్ళీ ఎగతాళి చేశాడు. మా బావకి కుడి చెవి బొత్తిగా పోయింది, ఎడమది సగమే పని చేస్తుంది, ఫోనులో మాట అందదు అని చెప్పాను. పోనీ మా అక్క ఒక్కతే మాట్లాడితే ఆయన పక్క గదిలోకి వెళ్ళి ముఖం ముడుచుకుంటాడు. అందుకని ఉత్తరాలు. అవి కూడా ముందు ఆయనే చింపి, పైకి చదివి, తర్వాత మా అక్క చేతికిస్తాడు అన్నాను. "సెన్సారయ్యాక విడుదలన్నమాట" అన్నాడు. తొమ్మిదో క్లాసు తప్పి మిక్సీలు బాగుచేసుకునే నాకంటే వాడికే మాట బాగా తిరుగుతుంది.

ఇక పని సంగతి. బావా, ముప్ఫై ఒక్క ఏళ్ళు సినిమా హాల్లో బొమ్మ వేశావు. హాలు మూసేస్తే దాని ఆంప్లిఫయరూ, స్పీకర్లూ, ఆరు కుర్చీలూ ఇంటికి మోసుకొచ్చి వెనక గదిని హోం థియేటరు చేశావు. అంత మొనగాడివి, ఐదు రిమోట్లు ఒళ్ళో పోసుకుని ఏది దేనిదో తెలియక తడుముకుంటుంటే చూడలేక ఐదూ కలిపి ఒకటి చేసి ఇచ్చాను. నేను కాగితం అంటించిన "సినిమా" బటను నొక్కితే ప్రొజెక్టరు, ప్లేయరు, ఆంప్లిఫయరు వరసగా వాటంతటవే వెలుగుతాయి. అన్నీ వెలిగేదాకా రిమోటు పక్కకి తిప్పకు. ఆంప్లిఫయరు ఎప్పటిలాగే ఇరవై దగ్గర మొదలవుతుంది. దాని గుండీ విరిగి, అంకెల పట్టీ ఆరిపోయి ఏళ్ళయింది గనక సౌండు పెంచాలన్నా తగ్గించాలన్నా ఈ రిమోటే దిక్కు. దాని మీది పచ్చ లైటు మినుక్కుమంటే నీ మాట విన్నట్టు.

సౌండు పెంచే బటను మాత్రం ప్రత్యేక శ్రద్ధతో నేర్పాను. నొక్కి చూసి ఎలా ఉందో రాయి. పోయినసారి నా ప్యాంటు జేబులు రెండూ లోపలినుంచి కుట్టేసి పంపావు కదా, అది నేను మరిచిపోలేదని మాత్రం గుర్తుంచుకో.

మీ తుంటరి


జూన్ 9

ఒరేయ్ తుంటరీ,

ఉత్తరం చేరింది. మీ బావ పైకి చదివారు. జేబుల దగ్గర నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

పుట్టిన తర్వాత నువ్వు చేసిన మొదటి మంచిపని ఈ రిమోటు. ఏం మాయ చేశావో గానీ మీ బావ సౌండు తగ్గించారురా! పదేళ్ళుగా నేను మొత్తుకున్నా చెవిలో వేసుకోని మనిషి. ఆ గదిలో సినిమా నడిస్తే వంటింట్లో గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకునేవి. పై అంతస్తు లెక్కల మాస్టారు చీపురు కర్రతో నేల మీద పొడిచేవాడు. ఇప్పుడు ఆయనే మెట్ల మీద కనిపించి "మీవారికి జ్ఞానోదయం అయిందమ్మా" అన్నాడు. ల్యాబులో రక్త పరీక్షల పని ముగించుకుని రాగానే నేను కూడా వెళ్ళి కుర్చీలో కూర్చుంటున్నాను. తల నొప్పి పుట్టకుండా సినిమా చూడటం నాకు పెళ్ళయ్యాక ఇదే.

రోజూ అడుగుతారు, "సరిపోయిందా?" అని. "హాయిగా ఉంది, ఇంక ముట్టుకోకండి" అంటాను. తలూపుతారు. ఇంత మంచితనం ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

నీ మోకాలు ఎలా ఉంది? స్టూలు మీద గంటలకొద్దీ కూర్చోకు.

అక్క

తా.క. రిమోటు బాగుంది. పచ్చ లైటు బాగా వెలుగుతోంది. – బావ


జూన్ 13
(పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన ఉత్తరం)

బావా,

నవ్వి నవ్వి చచ్చాను. తర్వాత అక్క ఉత్తరం రెండోసారి చదివాను. అప్పుడు నవ్వు రాలేదు.

విషయం ఇదీ. ఆ కొత్త రిమోటుకి ఒక బటను కింద ఒకటికి నాలుగు పనులు నేర్పొచ్చు. నువ్వు అక్క కోసం మందుల కొట్టుకి వెళ్ళిన అరగంటలో, పాత రిమోటునూ కొత్తదాన్నీ బల్ల మీద ముక్కూ ముక్కూ ఎదురుగా ఉండేలా పెట్టి, పెంచే బటనుకి రెండు పనులు నేర్పాను. ముందు ఒక మెట్టు పెంచు, ఆ వెంటనే ఒక మెట్టు తగ్గించు. నువ్వు వందసార్లు నొక్కినా సౌండు ఇరవై దగ్గరే ఉంటుంది. పచ్చ లైటు మాత్రం ఠంచనుగా వెలుగుతుంది, కాకపోతే రెండుసార్లు. ఆంప్లిఫయరు పాత రిమోటు నా సంచిలో వేసుకుని వచ్చేశాను, నీకు వేరే దారి లేకుండా.

ఒక్క రోజులో పట్టేస్తావనుకున్నాను. హాల్లో రీలు తెగితే తెగిన చప్పుడుకి ముందే కుర్చీలోంచి లేచేవాడివి. రెండో రోజుకల్లా బండబూతులతో ఉత్తరం వస్తుంది, అది టైలరుకి చదివి వినిపిద్దాం అని కూర్చున్నాను. నువ్వేమో "బాగుంది" అని రాశావు. అక్కేమో నువ్వే తగ్గించావని మురిసిపోతోంది.

నీకు వినపడటం లేదా బావా? వినపడటం లేదని చెప్పుకోలేకపోతున్నావా?

(ఇక్కడిదాకా రాసి డబ్బా దగ్గర నిలబడ్డాను. వేళాకోళం చేసినవాడే నోరు విప్పి చెప్పేస్తే అదేం వేళాకోళం? రెండు రోజులు ఆగితే తనే పట్టుకుంటాడు అనుకుని వెనక్కి వచ్చాను. ఉత్తరం మిక్సీ గిన్నెల వెనక పెట్టాను.)


జూన్ 14

అక్కకూ, బావకూ,

మోకాలు బాగానే ఉంది. కూర్చుంటే నొప్పి లేదు, నిలబడితే నొప్పి లేదు, మధ్యలో మాత్రమే ఉంది.

బావా, ఒక్క మాట. ఆ పచ్చ లైటు ఉంది చూశావూ, దాన్ని కాస్త దగ్గరగా కూర్చుని చూడు. ఎలా వెలుగుతోందో నిదానంగా చూడు. తొందరేం లేదు. నీలాంటి అనుభవం ఉన్నవాడు చూస్తే ఇట్టే తెలుస్తుంది. అర్థం కాకపోతే నాకు రాయి, మొహమాటపడకు.

ఇక్కడ ఒకావిడ ఫ్యాను తిరగడం లేదని తెచ్చింది. విప్పి చూస్తే లోపల బల్లి. "దీనికి మందు మీ దగ్గర ఉందా?" అంది. ఉంది, పిల్లి అన్నాను.

తుంటరి


జూన్ 22

ఒరేయ్,

ఇది ల్యాబులో కూర్చుని పాత రిపోర్టుల వెనక రాస్తున్నాను. మీ బావకి తెలియదు. జవాబు ల్యాబు చిరునామాకే రాయి, ఇంటికి రాస్తే ఆయన చింపి చదువుతారు.

మీ బావకి ఏదో అయింది. ఆదివారం మేడ మీదవాళ్ళనూ పక్కింటివాళ్ళనూ పిలిచి సినిమా వేసేవారు కదా, మానేశారు. గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు. అడిగితే "బల్బు జీవితం అయిపోవస్తోంది, పొదుపుగా వాడాలి" అన్నారు. వెనక నుంచి పిలిస్తే పలకరు. ఎదురుగా వెళ్ళి నిలబడితే నా కళ్ళలోకి చూడరు, మూతి వంక చూస్తారు.

మొన్న స్నానాల గది తలుపు ఓరగా ఉంది. అద్దం ముందు నిలబడి పెదాలు ఆడిస్తున్నారు. మాట బయటికి రాదు. మళ్ళీ మళ్ళీ అదే. అరవై రెండేళ్ళ మనిషికి ఎవరితో ఏం చెప్పడానికిరా ఈ రిహార్సలు? రోజూ పొద్దున పది గంటలకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళిపోతున్నారు. నడకకి అంటారు. నడకకి ఇస్త్రీ చొక్కా ఎందుకు? నువ్వు నవ్వకు. నాకు రకరకాల ఆలోచనలు వస్తున్నాయి.

నీ ఉత్తరంలో లైటు సంగతి రాశావు చూడు, అది రెండుసార్లు చదివారు. తర్వాత "మీ తమ్ముడు నాకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు నిదానంగా చెబుతున్నాడు. మొహమాటపడకు అంటున్నాడు. వాడికి కూడా తెలిసిపోయింది" అన్నారు. ఏం తెలిసిందిరా నీకు? నా దగ్గర దాచకు.

అక్క


జూన్ 26

అక్కా,

నాకేం తెలుసు, నాకేం తెలియదు. బావకి ఎవరో ఉన్నారన్న ఆలోచన మాత్రం మానుకో. ఆయన్ని భరించే మనిషి ఈ భూమ్మీద నువ్వొక్కతివే, రెండో మనిషిని ఇంకా తయారు చెయ్యలేదు.

పోనీ ఒకసారి వెనకే వెళ్ళి చూడు. లేదంటే ఆ గది తాళం అడిగి, నువ్వే ఆ రిమోటు నొక్కి చూడు. పెంచే బటను. బ్యాటరీలు నీరసించాయేమో. లేకపోతే ఇంకేదైనా కావచ్చు. మిషన్లంటే మిషన్లే, మనుషుల్లా నమ్మకూడదు.

నిన్న కొట్లో ఒకాయన మిక్సీకి రివర్సులో వైరు కలిపాను, సరదాకి. మూత తీయగానే ఏమవుతుందో చూద్దామని. ఆయన రాకముందే మళ్ళీ విప్పి సరిగా కలిపేశాను. ఎందుకో తెలియదు.

తుంటరి

(నిన్న మీ ల్యాబుకి ఫోను చేసి పెట్టేసింది ఎవరో తెలుసా? వద్దులే.)


జూలై 3

తమ్ముడూ,

వెనకే వెళ్ళాను. నాలుగు వీధుల అవతల, సైకిలు కొట్టు పైన ఒక పొడుగాటి హాలు. మెట్లెక్కి కిటికీలోంచి చూశాను. పాతిక మంది ఉన్నారు, ఒక్క చప్పుడు లేదు. చేతులతో మాట్లాడుకునే భాష నేర్పుతారట అక్కడ, చెవులు వినపడనివాళ్ళకి. మీ బావ వెనక బెంచీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు ముడుచుకుని కూర్చున్నారు. టీచరమ్మ రెండు వేళ్ళు గుండె దగ్గర పెట్టి చూపించింది. ఆయన చూపించబోయి తప్పు చేశారు. మళ్ళీ చేశారు. మళ్ళీ తప్పు.

ఇంటికొచ్చాక అడిగాను. దాచలేదు. ఎడమది కూడా పోయిందట. "ఇదీ ఏదో ఒకరోజు పోతుందని డాక్టరు అన్నాడు కదా, ఆ రోజు వచ్చింది. సౌండు ఎంత పెంచినా నాకు అందడం లేదు. మిషను బాగానే ఉంది, లైటు వెలుగుతోంది. నిన్ను అడిగితే హాయిగా ఉందన్నావు. పైన మాస్టారికీ బాగానే వినపడుతోంది. తేడా నాలోనే ఉంది" అన్నారు. ఎంత మామూలుగా చెప్పారో తెలుసా? బియ్యం అయిపోయాయి అన్నట్టు. డాక్టరు దగ్గరికి వెళ్దాం అంటే, తెలిసిన సంగతి ఇంకొకరితో చెప్పించుకోవడం ఎందుకు అన్నారు.

నేను ఆయన్ని పదేళ్ళు తగ్గించు, తగ్గించు అని సతాయించాను. ఆయన రోజూ సరిపోయిందా అని అడిగింది నా సుఖం కోసం కాదురా. తనకి వినపడటం లేదని ఎలాగైనా నా నోటితో చెప్పించుకోవాలని. నేనేమో హాయిగా ఉంది అన్నాను. ఆయన చెవి పోతుంటే హాయి అన్నాను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ మాటే గుర్తొస్తోంది.

హోం థియేటరు మొత్తం ఆ హాలుకి ఇచ్చేస్తున్నారు. వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం, పద్నాలుగున. అక్కడి నేల చెక్కదట. సౌండు చెవుల్లో పడకపోయినా పాదాల్లో పడుతుంది అన్నారు. మాట ఇచ్చేశారు.

నువ్వు ఆ లైటు సంగతి ఎందుకు రాశావు? ఇప్పటికీ చెప్పలేదు.

అక్క


జూలై 8

బావగారికి,

ఈ పార్సెలులో ఉన్న రిమోటు మీ ఆంప్లిఫయరుది. పోలేదు, నేనే తీసుకొచ్చాను. మీ చెవికి ఏమీ కాలేదు. చేసింది నేను.

దీనితో పాటు పెట్టిన కాగితం జూన్ 13న రాశాను. అందులో అంతా ఉంది, చదవండి. అది ఆ రోజే పోస్టు చేసి ఉంటే మీరు సైకిలు కొట్టు మెట్లెక్కేవారు కాదు. డబ్బా దాకా మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి డబ్బా మూతి దాకా చెయ్యి పెట్టి తీసేశాను. చూస్తున్న పోస్టుమాను "ఉత్తరం వేస్తారా, తీసుకుంటారా?" అన్నాడు.

ముందు పని చెప్తాను, తర్వాత నన్ను తిట్టండి. రెండు రిమోట్లూ బల్ల మీద ఎదురెదురుగా నాలుగు వేళ్ళ దూరంలో పెట్టండి. కొత్తదాని మీద "సెట్" బటను ఎర్ర లైటు నిలిచేదాకా నొక్కి పట్టుకోండి. పెంచే బటను ఒకసారి నొక్కండి. తర్వాత పాతదాని పెంచే బటను ఒకసారి నొక్కండి. ఎర్ర లైటు ఆరితే పాత పాఠం పోయి కొత్తది వచ్చినట్టు. అప్పుడు పచ్చ లైటు ఒక్కసారే వెలగాలి. రెండుసార్లు వెలిగితే మళ్ళీ మొదటినుంచి చేయండి. అంతే. నేను నేర్పడానికి రెండు నిమిషాలు పట్టింది. తీసెయ్యడానికి అంత కూడా పట్టదు.

ఇన్నేళ్ళు మీకు చేసిన వెధవ పనులన్నీ మీరు పట్టుకున్నవే. గడియారం గంట ముందుకి తిప్పినా, గొడుగులో కాగితం ముక్కలు పోసినా, మీరు పట్టుకుని ఇంకో రెండు నాకు చేసేవారు. పట్టుకుంటారన్న ధైర్యంతోనే చేసేవాణ్ణి. ఈసారి పట్టుకోలేనిది ఏరుకుని చేశాను. మీరు ఎవరినీ అడగలేనిది. అది నాకు తెలియక చేశానని రాద్దామనుకున్నాను. తెలుసు. మందుల కొట్టు నుంచి మీరు వచ్చేలోపు అయిపోవాలని చెమట్లు పట్టాయి నాకు. సరదా పనికి చెమట్లు పట్టవు.

పద్నాలుగో తారీకులోపు ఇది మీకు అందాలి. ఏదీ ఇచ్చెయ్యకండి.

మీ బావమరిది


జూలై 17

ఒరేయ్ తుంటరీ,

పార్సెలు శనివారం మధ్యాహ్నం అందింది. మీ అక్క ల్యాబులో ఉంది. నేనే చింపాను.

ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను "మీరు" అన్నావు. అది చూశాకే నువ్వు రాసింది నిజమని నమ్మాను. లేకపోతే నన్ను ఓదార్చడానికి కథ కట్టావనుకునేవాణ్ణి.

మొదట నీ మీదే అనుమానం నాకు. మూడు రోజులు నిన్నే తిట్టుకున్నాను. తర్వాత మీ అక్కని అడిగాను, పై మాస్టారిని అడిగాను. ఇద్దరికీ బాగానే ఉంది. అప్పుడు నిన్ను వదిలేశాను. పచ్చ లైటు రెండుసార్లు మినుక్కుమనడం కూడా చూశానురా. కళ్ళు కూడా మొదలెట్టాయి కాబోలు అనుకున్నాను.

హాల్లో పనిచేసేటప్పుడు రీలు ఎక్కడ తెగిందీ, బొమ్మ ఎక్కడ వణికిందీ ఒక పుస్తకంలో రాసేవాణ్ణి. ఆ అలవాటుతో దీనికీ ఒకటి పెట్టాను. గది మూసేముందు రోజూ ఒకే సినిమాలో ఒకే రీలు వేసుకునేవాణ్ణి, వానలో ఒక పిల్ల తల్లి దగ్గరికి వచ్చే సీను. జూన్ 4: వాన ఉంది, చినుకులు లేవు. జూన్ 7: గొళ్ళెం తీసిన చప్పుడు లేదు. జూన్ 12: మెట్ల మీద ఆ పిల్ల అడుగులు పోయాయి. జూన్ 16: ఆ తల్లి దగ్గు పోయింది. ఇలా ఒక్కొక్కటీ. మిషను ఇరవై దగ్గరే ఉంది కదా, రోజుకొకటి ఎలా పోయిందంటావు? మొదటి సగం నువ్వు తీశావు. మిగతాది భయం తీసింది.

శనివారం నువ్వు రాసినట్టే చేశాను. పచ్చ లైటు ఒక్కసారే వెలిగింది. అదే రీలు వేసి నొక్కాను. పన్నెండో నొక్కుకి చినుకులు వచ్చాయి. పదహారో నొక్కుకి అడుగులు వచ్చాయి. అప్పటికి మీ అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను తగ్గించబోతే నా చేతిలోంచి రిమోటు లాక్కుని తనే ఇంకా పెంచింది. వంటింట్లో గ్లాసులు మోగాయి. పైన మాస్టారు కర్రతో పొడిచాడు. తను పైకి చూసి "పొడుచుకో" అంది. నేల మీదే కూర్చుండిపోయి ఏడ్చింది. రిమోటుకి ఏమైందని తను అడిగితే బటను అతుక్కుపోయింది, విప్పి బాగుచేశాను అన్నాను.

దగ్గు వచ్చింది. గొళ్ళెం మాత్రం రాలేదు. నలభై దాకా పెంచినా రాలేదు. పుస్తకంలో దాని ఎదురుగా ఏమీ రాయలేదు. అది ముందే పోయిందో, ఇప్పుడు పోయిందో, ఎవరి పనో ఇక ఎప్పటికీ తెలియదు.

ఆదివారం వ్యాను వచ్చింది. ఇచ్చేశాను. ఏ కారణంతో ఇచ్చినా మాట నాదే కదా. వెనక గదిలో ఇప్పుడు కుర్చీలు బిగించిన మేకుల కన్నాలు తప్ప ఏం లేవు. హాల్లో ఆ సాయంత్రమే బొమ్మ వేశాను. ఇరవై ఆరు మంది చెప్పులు విప్పి కూర్చున్నారు. ఉరుము వచ్చినప్పుడు అందరూ ఒక్కసారిగా పాదాల వంక చూసుకున్నారు. నేను రేపు కూడా క్లాసుకి వెళ్తాను. గుండె దగ్గర పెట్టే రెండు వేళ్ళ గుర్తు ఇంకా రాలేదు నాకు.

నువ్వు చేసిన పని మీ అక్కకి చెప్పలేదు. పార్సెలు దాచాను. నీ మీద జాలితో దాచలేదు. తను నాతో ఇప్పుడు గట్టిగా, ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. "సరిపోయిందా?" అని తనే అడుగుతుంది. హాయి అనే మాట తన నోట్లోంచి పోయింది. నేను సరిగా వింటున్నానని చెప్పినా నమ్మదు, తన వల్లే ఏదో జరిగిందని అనుకుంటోంది. అది నేను తీసెయ్యలేను. నేను నేర్పింది కాదు కదా.

నువ్వు పెట్టిన ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆర్పేది నువ్వే.

బావ


జూలై 21

అక్కా,

ఇది ల్యాబులోనే చదువు. చదివాక ఇంటికి తీసుకెళ్ళి బావకి ఇవ్వు, ఆయనకి తెలిసిన సంగతే.

ఆ రిమోటు బటను అతుక్కుపోలేదు. బావ చెవి జూన్ నాలుగునా పోలేదు, పన్నెండునా పోలేదు. మే ఆఖర్లో నువ్వు తలనొప్పికి మాత్ర కావాలంటే బావ బయటికి వెళ్ళాడు చూడు, ఆ అరగంటలో నేను పెంచే బటనుకి ఒకటి పెంచి ఒకటి తగ్గించడం నేర్పాను. ఎన్నిసార్లు నొక్కినా సౌండు కదలకుండా. పాత రిమోటు నా దగ్గర దాచుకున్నాను. నువ్వు ల్యాబు కాగితాల వెనక భయపడుతూ రాసినప్పుడు నాకు తెలుసు. సైకిలు కొట్టు మెట్ల మీద నిలబడ్డావని చదివినప్పుడు తెలుసు. బ్యాటరీలు చూడు అని రాశాను. జూన్ 25న మీ ల్యాబుకి ఫోను చేసి, నువ్వు "ఎవరండీ?" అనగానే పెట్టేసింది నేనే.

జోకు ఒకటి రాసి కొట్టేశాను. చూస్తే కనపడుతుంది, చదవకు.

నువ్వు అన్నం ముద్ద దగ్గర ఆగిపోతున్నానని రాశావు. ఇంకా నీ వల్లే ఏదో జరిగిందనుకుంటున్నావని బావ రాశాడు. బావ సరిపోయిందా అని అడిగితే హాయిగా ఉంది అన్నావు. నీకు నిజంగానే హాయిగా ఉంది, అన్నావు. పైన మాస్టారికి బాగానే ఉంది, ఆయనా అన్నాడు. బావకి వినపడలేదు, ఆయన అదే పుస్తకంలో రాసుకున్నాడు. ఆ నలభై రోజులూ ఆ ఇంట్లో అబద్ధం ఆడింది ఆ రిమోటు ఒక్కటే అక్కా. దానికి నేర్పింది నేను.

నీ తమ్ముడు